ఇర్వింగ్ జాఫీ గెలుపును లెక్కలో రాయండి: అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీకి బహిరంగ లేఖ

లోసాన్‌లోని అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ అధ్యక్షురాలు కిర్స్టీ కోవెంట్రీ గారికి, కమిటీ సభ్యులకు, అదే ఊళ్ళో ఉన్న అంతర్జాతీయ స్కేటింగ్ సంఘం పెద్దలకు,

నమస్కారం.

1928 ఫిబ్రవరి 14న స్విట్జర్లాండ్‌లోని సెయింట్ మోరిట్జ్‌లో, రెండో శీతాకాల ఒలింపిక్స్‌లో, పదివేల మీటర్ల స్పీడ్ స్కేటింగ్ పందెం మొదలైంది. న్యూయార్క్ నుంచి వచ్చిన ఇరవై ఒక్కేళ్ళ ఇర్వింగ్ జాఫీ 18 నిమిషాల 36.5 సెకన్లలో గీత దాటాడు. అతనికి జతగా దిగిన నార్వే వీరుడు బెర్న్ట్ ఎవెన్సెన్‌కు 18 నిమిషాల 36.6 సెకన్లు పట్టింది. తర్వాత ఎండ ముదిరింది, మంచు కరిగింది, పందెం మధ్యలో ఆగిపోయింది. ఆగిపోయిన పందేన్ని మొత్తంగా రద్దు చేశారు. ఇవాళ్టికీ మీ పతకాల పట్టికలో ఆ ఏడాది స్పీడ్ స్కేటింగ్ కింద 500, 1500, 5000 మీటర్లే ఉంటాయి. పదివేల మీటర్లకు చోటే లేదు.

2028 ఫిబ్రవరి 14కి ఆ పందేనికి నూరేళ్ళు. ఆ తేదీలోగా జాఫీ గెలుపును లెక్కలో రాయమని అడగడానికే ఈ ఉత్తరం.

అమెరికా స్కేటర్ గురించి ఒక తెలుగువాడు ఎందుకు రాస్తున్నాడని మీకు అనిపించవచ్చు. గోదావరి, కృష్ణ గడ్డకట్టే ఊళ్ళు మావి కావు. అయితే సెకనులో చిన్న ముక్క మనిషి జీవితాన్ని ఎటు తిప్పుతుందో మా దేశంలో పిల్లలకు కూడా తెలుసు. 1984లో లాస్ ఏంజెలెస్‌లో 400 మీటర్ల హర్డిల్స్‌లో పి.టి. ఉష 55.42 సెకన్లకు వచ్చింది. రుమేనియా అమ్మాయి 55.41కి వచ్చి కాంస్యం తీసుకెళ్ళింది. నాలుగు దశాబ్దాలు దాటినా ఆ అంకె మా ఇళ్ళలో వినిపిస్తూనే ఉంది. పతకం చేజారినందుకు ఏడ్చాం, కానీ ఉష ఎక్కడ నిలిచిందో, ఎంతలో పోయిందో మీ పుస్తకంలో ఉంది. ఎవరు తెరిచినా కనిపిస్తుంది. జాఫీ గెలుపు అందులో లేదు. ఓడిపోయిన ఉషకు దక్కిన పాటి గుర్తింపు, ముందు నిలిచిన జాఫీకి దక్కకపోవడం నన్ను చాలాకాలంగా బాధిస్తోంది.

అధ్యక్షురాలిగారూ, మీరు స్వయంగా ఈతగత్తె. 2004లో, 2008లో 200 మీటర్ల బ్యాక్‌స్ట్రోక్‌లో బంగారం గెలిచినవారు. సెకనులో పదో వంతు విలువ మీకు ఒకరు చెప్పాల్సింది కాదు. అందుకే ఆ రోజు జరిగినది కాస్త దగ్గరగా చూడమని ముందుగా మిమ్మల్నే కోరుతున్నాను.

యూరప్ పద్ధతిలో స్పీడ్ స్కేటింగ్ అంటే గుంపుగా ఎగబడటం ఉండదు. ఇద్దరిద్దరు చొప్పున దిగుతారు. 400 మీటర్ల చుట్టు, రెండు దారులు. ప్రతి చుట్టులో ఒకసారి లోపలివాడు బయటికి, బయటివాడు లోపలికి మారతారు, ఇద్దరికీ దూరం సమానం కావాలి కాబట్టి. పదివేల మీటర్లంటే అలాంటివి ఇరవై ఐదు చుట్లు. నడుము వంచి, ఒక చెయ్యి వీపు మీద పెట్టుకుని, తొడలు మండిపోతున్నా ఒకే లయలో పద్దెనిమిది నిమిషాలకు పైగా జారుతూ పోవాలి. వెనక దాక్కుని గాలి తప్పించుకోవడానికి ముందు మనిషి ఉండడు. ఎవరి గాలి వారిదే, ఎవరి కాళ్ళు వారివే. ఇద్దరి మధ్య గెలుపోటములు ఎలా ఉన్నా, చివరికి అన్ని జతల సమయాలూ పక్కపక్కన పెట్టి చూస్తారు.

జాఫీ, ఎవెన్సెన్ దిగింది మొదటి జతగా. ఇద్దరి వేగాన్ని లెక్కగడితే సెకనుకు దాదాపు తొమ్మిది మీటర్లు. అంటే సెకనులో పదో వంతు తేడా మంచు మీద సుమారు ఒక గజం. పది కిలోమీటర్లు పోటీపడి, చివరికి ఒక్క గజం దూరంలో ముగిసిన పందెం అది. ఎదుట ఉన్నది ఎవరు? ఎవెన్సెన్ 1927 ప్రపంచ చాంపియన్. అదే సెయింట్ మోరిట్జ్‌లో అప్పటికే 500 మీటర్లలో ఫిన్లాండ్‌కు చెందిన క్లాస్ థున్‌బెర్గ్‌తో సమానంగా 43.4 సెకన్లకు వచ్చి బంగారం పంచుకున్నాడు. 1500లో వెండి, 5000లో కాంస్యం తెచ్చుకున్నాడు. అంత ఊపు మీద ఉన్నవాణ్ణి, యూరప్ మంచు మీద, యూరప్ పద్ధతిలో, న్యూయార్క్ కుర్రాడు గజం ముందుకు వెళ్ళి ఓడించాడు. ఆ కుర్రాడు కూడా ఎక్కడినుంచో ఊడిపడలేదు. 5000 మీటర్లలో నాలుగో స్థానంలో నిలిచి, ఇంకాస్తలో పతకం పోగొట్టుకుని వచ్చినవాడు.

ఆల్ప్స్ కొండల మీదుగా ఫోన్ అనే వెచ్చటి గాలి ఒకటి వీస్తుంది. ఆ రోజు వీచింది అదే. పొద్దున్న సున్నా దగ్గర ఉన్న ఉష్ణోగ్రత మధ్యాహ్నానికి 25 డిగ్రీలకు ఎక్కింది. ఫిబ్రవరిలో, దాదాపు 1,800 మీటర్ల ఎత్తున్న ఊళ్ళో. అక్కడి స్కేటింగ్ మైదానానికి మంచు గడ్డకట్టించే యంత్రాలు లేవు, మైదానంలో నీళ్ళు పోసి చలికి వదిలేయడమే. ఒక్కో జత దిగేకొద్దీ మంచు మెత్తబడుతూ పోయింది. స్కేటు బ్లేడు గట్టి మంచు మీద జారుతుంది, నీరు పట్టిన మంచులో దిగబడుతుంది. కొందరు ఇంకా దిగకముందే పందెం ఆపక తప్పలేదు. మర్నాడు వాన మొదలై ఆ రోజు పోటీలన్నీ ఎగిరిపోయాయి. అమెరికావాళ్ళు అభ్యంతరం చెప్పారు, వాదోపవాదాలు నడిచాయి, మళ్ళీ పెట్టాలన్నారు. మళ్ళీ పెట్టలేదు. జాఫీయే నిజమైన విజేత అని నార్వే స్కేటర్లు అప్పుడే ఒప్పుకున్నారని అమెరికాలో తరతరాలుగా చెప్పుకుంటూ వస్తున్నారు.

ఇంతవరకూ అయితే ప్రకృతి చేసిన పని, ఎవరినీ తప్పుపట్టలేం అనుకోవచ్చు. కానీ అదే రోజు, అదే ఎండలో, అదే ఊళ్ళో మరో పోటీ కూడా జరిగింది.

50 కిలోమీటర్ల స్కీ పందెం. స్వీడన్‌కు చెందిన పెర్-ఎరిక్ హెడ్లుండ్ 4 గంటల 52 నిమిషాల పైచిలుకులో గెలిచాడు. నాలుగేళ్ళ ముందు, ఫ్రాన్స్‌లోని షామోనీలో జరిగిన మొదటి శీతాకాల ఒలింపిక్స్‌లో అదే దూరం 3 గంటల 44 నిమిషాల్లో ముగిసింది. అంటే గంటకు పైగా ఆలస్యం. తడి మంచులో స్కీలు కూరుకుపోతుంటే ఆ మనుషులు ఎంత అవస్థ పడ్డారో ఆ ఒక్క లెక్కే చెబుతుంది. ఆ స్కీ పందెంలో కూడా అందరూ ఒకేసారి బయలుదేరరు, ఒకరి తర్వాత ఒకరిని వదులుతారు. వెనక బయలుదేరినవాడికి మంచు ఇంకా మెత్తగా దొరుకుతుంది. స్కేటింగ్‌లో మొదటి జతకు మంచు గట్టిగా దొరికింది, తర్వాతి జతలకు దొరకలేదన్న మాట నిజమే. స్కీ పందెంలో కూడా అదే అన్యాయం జరిగింది కదా. అక్కడ హెడ్లుండ్ బంగారానికి ఎవరూ అడ్డురాలేదు. రాకూడదు కూడా, ఆయన పదమూడు నిమిషాలకు పైగా తేడాతో గెలిచాడు. అదే చూపు స్కేటింగ్ మైదానం మీద కూడా పడి ఉండాల్సింది.

మంచు వాలులో బండి మీద జారే బాబ్‌స్లెడ్ పోటీ సంగతి చూడండి. నాలుగుసార్లు దిగాల్సిన పందెం. మంచు కరుగుతోందని రెండుసార్లతో సరిపెట్టారు. పదహారేళ్ళ బిల్లీ ఫిస్క్ నడిపిన అమెరికా జట్టు గెలిచింది. సగం పందేనికే పూర్తి బంగారం ఇచ్చారు, ఈ రోజుకీ అది చెల్లుతోంది. ఆ క్రీడల్లో నిర్వాహకులు చేయి బిగబట్టినవాళ్ళు కూడా కారు. 500 మీటర్ల స్కేటింగ్‌లోనే సమయాలు సమానమై ఇద్దరికి బంగారాలు, ముగ్గురికి కాంస్యాలు పంచారు. ఒకే పందేనికి అయిదు పతకాలు! అంత ఉదారంగా ఉన్న చోట ఒక్క పదివేల మీటర్ల దగ్గరే పుస్తకం మూసేశారు.

ఇక్కడ మీరు చెప్పగల గట్టి జవాబు ఒకటుందని నాకు తెలుసు. బాబ్‌స్లెడ్‌లో జట్లన్నీ రెండేసిసార్లు దిగాయి, అందరికీ కోత సమానం. స్కేటింగ్‌లో అలా కాదు, కొందరు పందెంలో దిగనేలేదు. దిగనివాణ్ణి ఓడించావని ఎవరికైనా ఎలా పతకం ఇస్తాం అంటారు. న్యాయమైన ప్రశ్నే, దీన్ని పక్కకు నెట్టే ఉద్దేశం నాకు లేదు. రిఫరీ చేతిలో ఉన్న అధికారాన్నీ నేను ప్రశ్నించడం లేదు. మైదానం చెరువైపోతుంటే ఆపాల్సింది ఆయనే, ఆపాడు. నేను ప్రశ్నించేది ఆపడానికీ చెరిపేయడానికీ మధ్య ఉన్న దూరాన్ని. ఆపినప్పుడు ముందున్నది ఎవరో గడియారం చెప్పింది. దాని తర్వాత ఎవరు దిగినా ఆ రోజు ఆ మంచు మీద 18:36.5ను దాటగల వీలు లేదనేది అక్కడున్న అందరికీ కనబడుతున్న సంగతి. మళ్ళీ నిర్వహించి ఉంటే ఫలితం మారేదేమో. నిర్వహించలేకపోయిన బాధ్యత నిర్వాహకులది, ఆకాశానిది. ఆ భారం అంతా గీత దాటి వచ్చినవాడి నెత్తిన పడేశారు.

ఈ ఒక్క పందెం మీద ఇంత పట్టుబట్టడానికి కారణం జాఫీ జీవితంలోనే ఉంది.

రష్యా నుంచి వలస వచ్చిన యూదు కుటుంబంలో, న్యూయార్క్‌లో 1906లో పుట్టాడు. బేస్‌బాల్ మీద మనసుపడి, జట్టులో చోటు దొరక్క స్కేటింగ్ వైపు మళ్ళినవాడు. 1928లో రద్దయిన పందెంతో వెనుదిరిగి, నాలుగేళ్ళ తర్వాత సొంత రాష్ట్రంలోనే, లేక్ ప్లాసిడ్‌లో జరిగిన శీతాకాల ఒలింపిక్స్‌లో దిగాడు. 5000 మీటర్లలో బంగారం, పదివేల మీటర్లలో బంగారం. లేక్ ప్లాసిడ్ కుర్రాడే అయిన జాక్ షీ 500లో, 1500లో గెలిచాడు. స్పీడ్ స్కేటింగ్‌లో నాలుగుకి నాలుగు బంగారాలూ అమెరికా ఇంటికే వచ్చాయి. అప్పటికి న్యూయార్క్ గవర్నరుగా ఉన్న ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ ఆ క్రీడలను ప్రారంభించాడు, ఆ రోజే షీ 500 మీటర్లు గెలిచాడు.

వినడానికి ఇంతకంటే ఏం కావాలి అనిపిస్తుంది. అయితే ఆ 1932 గెలుపు మీద నీడ ఒకటి పడింది. లేక్ ప్లాసిడ్‌లో పందేలు యూరప్ పద్ధతిలో జరపలేదు. ఉత్తర అమెరికాలో అలవాటైన గుంపు పద్ధతిలో జరిపారు. అందరూ ఒకేసారి బయలుదేరతారు, ఎవరు ముందు గీత దాటితే వారే విజేత. మోచేతులు తగులుతాయి, ముందువాడి వెనక నక్కి గాలి తప్పించుకోవచ్చు, చివరి చుట్టు దాకా శక్తి దాచుకుని అప్పుడు విజృంభించవచ్చు. ఆ పద్ధతిలో పెరగని యూరప్ వాళ్ళకు అది అన్యాయంగా తోచింది. ఫిన్లాండ్ దిగ్గజం థున్‌బెర్గ్ అసలు రానేలేదు. ఆ తర్వాత లేక్ ప్లాసిడ్‌లోనే యూరప్ పద్ధతిలో ప్రపంచ చాంపియన్‌షిప్ పెడితే నార్వే వీరుడు ఇవార్ బల్లాంగ్‌రుడ్ గెలిచాడు. దాంతో యూరప్‌లో చాలామంది ఏమన్నారో ఊహించుకోవచ్చు. సొంత ఊరు, సొంత రూల్సు, అందుకే గెలిచారన్నారు. జాఫీని పొగిడే రాతల పక్కన ఇవాళ్టికీ ఆ సన్నాయినొక్కు ఉంటుంది.

గుంపు పద్ధతిలో వేగం ఎలా పడిపోతుందో లెక్కల్లోనే తెలుస్తుంది. 1928లో బల్లాంగ్‌రుడ్ 5000 మీటర్లను 8 నిమిషాల 50.5 సెకన్లలో గెలిస్తే, 1932లో జాఫీ బంగారం తెచ్చిన సమయం 9 నిమిషాల 40.8 సెకన్లు. అందరూ ఒకరినొకరు చూసుకుంటూ, ముందుకు పోకుండా కాచుకుని ఉంటారు కాబట్టి. పదివేల మీటర్లు చూస్తే నాకు మనసు చివుక్కుమంటుంది. జాఫీకి లేక్ ప్లాసిడ్‌లో బంగారం తెచ్చింది 19 నిమిషాల 13.6 సెకన్లు. సెయింట్ మోరిట్జ్‌లో మీరు లెక్కలోకి తీసుకోనిది 18 నిమిషాల 36.5. నెమ్మదిగా వచ్చినదానికి పతకం, ముప్పై ఏడు సెకన్లు ముందు వచ్చినదానికి శూన్యం.

అందుకే అంటున్నాను, 1932 గెలుపుల మీద ఉన్న అనుమానానికి జవాబు 1928లోనే ఉంది. గుంపు లేదు, మోచేతులు లేవు, సొంత ఊరి జనం లేరు. యూరప్ మంచు, యూరప్ రూలు, యూరప్ చాంపియన్. అన్నిటా ఎదుటివాళ్ళకు అనుకూలంగా ఉన్న చోట అతను ముందు నిలిచాడు. ఆ ఒక్క ఫలితం లెక్కలో ఉండి ఉంటే, నాలుగేళ్ళ తర్వాత అతని గెలుపును చిన్నచూపు చూసే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. లేక్ ప్లాసిడ్ పదివేల మీటర్లలో రెండో స్థానంలో వచ్చినది సాక్షాత్తు బల్లాంగ్‌రుడ్ అన్న సంగతి కూడా అప్పుడు జనానికి గుర్తుండేది.

తర్వాత జరిగింది రాయడానికి చెయ్యి ఆడటం లేదు. అది ఆర్థిక మాంద్యం రోజులు. ఒలింపిక్ విజేత అయినా ఉద్యోగం లేదు, డబ్బు కోసం ఆడకూడదనే అమెచ్యూర్ నిబంధనల వల్ల ఆటలో డబ్బూ లేదు. జాఫీ తన పతకాలు తాకట్టు పెట్టాడు. రెండు ఒలింపిక్ బంగారాలూ అందులోనే ఉన్నాయి. బంగారం తాకట్టుకు వెళ్ళడమంటే ఏమిటో తెలుగిళ్ళకు చెప్పనక్కర్లేదు. ఫీజు కట్టడానికి, విత్తనాలు కొనడానికి మెడలోది తీసి ఇచ్చి, పంట చేతికొచ్చాక విడిపించుకుందామని రసీదు బియ్యం డబ్బాలో భద్రంగా దాచుకునే అమ్మలు ఇక్కడ ప్రతి వీధిలో ఉన్నారు. జాఫీ కూడా విడిపించుకోవడానికే వెళ్ళాడు. వెళ్ళేసరికి ఆ తాకట్టు కొట్టు మూతబడిపోయింది. మాంద్యం కొట్టువాణ్ణి కూడా మింగేసింది. పతకాలు ఏమయ్యాయో, ఎవరి చేతుల్లో పడ్డాయో, కరిగించేశారో తెలియదు. ఆయన మళ్ళీ వాటిని కళ్ళజూడలేదు.

చార్లెస్ జూట్రాను తలచుకుంటే ఈ బాధ ఇంకా ఎక్కువవుతుంది. లేక్ ప్లాసిడ్‌లో పెరిగిన ఆ స్కేటర్ 1924లో షామోనీలో 500 మీటర్లను 44.0 సెకన్లలో గెలిచి శీతాకాల ఒలింపిక్స్ చరిత్రలోనే మొదటి బంగారం అందుకున్నాడు. ఆయన పతకం వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ సంస్థ దగ్గర భద్రంగా ఉంది. ఆయన అదృష్టవంతుడు, అందుకు సంతోషమే. ఆ పతకం గురించి మీకు మీరే గుర్తుచేసుకోవాల్సిన విషయం ఒకటుంది. షామోనీలో ఆ పోటీలు జరిగినప్పుడు వాటికి పెట్టిన పేరు అంతర్జాతీయ శీతాకాల క్రీడల వారం. వాటిని మొదటి శీతాకాల ఒలింపిక్స్‌గా మీ కమిటీ గుర్తించింది తర్వాత, 1926లో. అంటే శీతాకాల ఒలింపిక్స్‌లో మొట్టమొదటి బంగారమే వెనక్కి వెళ్ళి రాసిన తీర్మానంతో చెల్లుబాటు అయింది. వెనక్కి వెళ్ళి రాయడం మా పద్ధతి కాదని మీరు అనలేరు.

ఇంకా చాలా ఉన్నాయి. అదే షామోనీలో స్కీ జంప్‌లో మార్కులు కూడటంలో పొరపాటు జరిగి, కాంస్యం రావాల్సిన అమెరికా క్రీడాకారుడు ఆండర్స్ హౌగెన్‌కు రాలేదు. ఆ తప్పును యాభై ఏళ్ళ తర్వాత పట్టుకున్నది ఎవరనుకుంటున్నారు? నార్వేవాళ్ళే. 1974లో ఓస్లోలో, పొరపాటున కాంస్యం అందుకున్న తోర్లీఫ్ హౌగ్ కూతురు స్వయంగా ఆ పతకాన్ని వృద్ధుడైన హౌగెన్ చేతిలో పెట్టింది. తండ్రి పతకాన్ని, తండ్రి లేని రోజుల్లో, న్యాయంగా చెందాల్సినవాడికి ఇచ్చిన ఆ మహాతల్లికి చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

జిమ్ థోర్ప్ సంగతి మీ అందరికీ తెలిసిందే. 1912 స్టాక్‌హోమ్‌లో పెంటాథ్లాన్, డెకాథ్లాన్ గెలిచిన ఆ ఆదివాసీ అమెరికన్ నుంచి, బేస్‌బాల్ ఆడి డబ్బు తీసుకున్నాడని 1913లో పతకాలు లాక్కున్నారు. ఆయన 1953లో చనిపోయాడు. 1982లో సహవిజేతగా ఒప్పుకున్నారు. 2022లో ఏకైక విజేతగా రాశారు. దానికోసం మీరు స్వీడన్, నార్వే కమిటీలను అడిగితే వాళ్ళు సరేనన్నారు. థోర్ప్‌కు నూట పదేళ్ళ తర్వాత న్యాయం చేసిన కమిటీకి జాఫీ విషయంలో కాలం మించిపోయిందనే మాట రాకూడదు. ఇక్కడ ఎవరి పతకమూ వెనక్కి తీసుకోనక్కర్లేదు, అది థోర్ప్ విషయం కంటే తేలిక. ఆ పందేనికి బంగారం ఎవరికీ ఇవ్వలేదు కాబట్టి ఎవరి ఇంటి గోడ మీదనుంచీ ఏదీ దించాల్సిన అవసరం లేదు. ఎవెన్సెన్‌కు వెండి కూడా రాయవచ్చు. నార్వే పెద్దలను అడగండి. హౌగెన్ విషయంలో వాళ్ళు చూపిన పెద్దమనసు ఇప్పుడు ఉండదని నేను అనుకోను.

జాఫీ మాంద్యం తర్వాత ఏం చేశాడో కూడా చెప్పాలి, ఆయన్ను కేవలం నష్టపోయినవాడిగా మిగల్చడం నాకిష్టం లేదు. న్యూయార్క్‌కు దగ్గర్లో, క్యాట్‌స్కిల్ కొండల్లో గ్రాసింగర్స్ అనే పేరున్న విడిది ఉండేది. అక్కడ శీతాకాల ఆటల బాధ్యత చూశాడు. 1934లో అక్కడే పాతిక మైళ్ళ దూరాన్ని గంటా ఇరవై ఆరు నిమిషాల్లో స్కేట్ చేసి పాత రికార్డును బద్దలుకొట్టాడు. పతకాలు కొట్టువాడి దగ్గరకు పోయాయి గానీ కాళ్ళు ఆయనవే. 1981లో కాలిఫోర్నియాలోని శాన్ డియెగోలో కన్నుమూశాడు. ఆయన సహచరుడు జాక్ షీ 1936లో నాజీ జర్మనీలో జరిగే క్రీడలకు, అక్కడ యూదుల్ని పెడుతున్న బాధలు చూసి, వెళ్ళనని నిలబడ్డాడు. ఆ తరం అమెరికా స్కేటర్లలో అలాంటి మనుషులు ఉండేవారు. వాళ్ళ గురించి ఆలోచించినప్పుడల్లా ఆ ఖాళీ చోటు కళ్ళముందు కదులుతుంది.

కాబట్టి నేను కోరేది ఇది. 1928 సెయింట్ మోరిట్జ్ ఫలితాల్లో పదివేల మీటర్ల స్పీడ్ స్కేటింగ్‌ను చేర్చండి. మంచు కరగడం వల్ల పోటీ మధ్యలో ఆగిందని, ఆగేసరికి ఇర్వింగ్ జాఫీ 18:36.5తో, బెర్న్ట్ ఎవెన్సెన్ 18:36.6తో ముందున్నారని ఉన్నదున్నట్టు రాయండి. జాఫీకి బంగారం, ఎవెన్సెన్‌కు వెండి ప్రకటించండి. దిగే అవకాశం రాని స్కేటర్ల పేర్లు కూడా అక్కడే రాయండి, వాళ్ళ నష్టమూ నష్టమే. మీ రెండు సంస్థల్లో ఏది నిర్ణయించాలన్న ప్రశ్న మళ్ళీ లేవకుండా ఒకే బల్ల దగ్గర కూర్చుని తేల్చండి. మీ ఆఫీసులు రెండూ లోసాన్‌లోనే ఉన్నాయి.

రెండో కోరిక చిన్నది. 1960లో గెలిచిన బంగారం పోగొట్టుకున్న మహమ్మద్ అలీకి 1996లో అట్లాంటాలో మీ కమిటీ మళ్ళీ ఒక పతకం చేయించి ఇచ్చింది. అలాగే జాఫీ తాకట్టులో పోగొట్టుకున్న రెండు 1932 పతకాలకు నకళ్ళు చేయించండి. వాటిని ఆయన వారసులకు ఇవ్వండి. వారు ఒప్పుకుంటే, అందరూ చూసేలా లేక్ ప్లాసిడ్‌లోని ఒలింపిక్ మ్యూజియంలో పెట్టించండి. సెయింట్ మోరిట్జ్ పతకం కూడా వాటి పక్కనే ఉంటే బాగుంటుంది.

1928 నాటి పత్రాలు, రిఫరీ నివేదికలు, అమెరికా పెట్టిన అభ్యంతరం, దాని మీద జరిగిన ఉత్తరప్రత్యుత్తరాలు మీ లోసాన్ భాండాగారంలో ఎంతవరకు ఉంటే అంతవరకు బయటపెట్టండి. నిర్ణయం నా కోరికకు వ్యతిరేకంగా వచ్చినా, దాని కారణాలు చదివి తెలుసుకునే వీలు స్కేటింగ్‌ను ప్రేమించే ప్రతివారికీ ఉండాలి. మీ తదుపరి సమావేశం ఎజెండాలో ఈ విషయం చేర్చి, ఎప్పటిలోగా తేలుస్తారో ఒక తేదీ చెప్పమని కోరుతున్నాను. 2028 ఫిబ్రవరి 14 దానికి ఆఖరు గడువు కావాలని నా మనవి.

గౌరవంతో,
ఒక తెలుగు క్రీడాభిమాని